సొంత పాట రాసుకునే కుర్రాడు రాయగడ నుంచి ఎటు వెళ్ళాలి?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు గుణుపురం నుంచి వచ్చాడు. భుజాన గిటారు, ఫోన్లో పదకొండు పాటలు. అన్నీ వాడే రాసి, వాడే ట్యూన్ కట్టి, వాడే పాడినవి. భోజనాలయ్యాక పెరట్లో మంచం మీద కూర్చుని మెల్లగా అడిగాడు: "ఏటి మావయ్యా, హైదరాబాదు ఎల్లిపోమంటావా? ఇక్కడే ఉండి యూట్యూబ్‌లో పెట్టుకోమంటావా? ఒక చానల్‌వాళ్ళు పాటకి ఇంతని ఇస్తామంటన్నారు, ఇచ్చీమంటావా?"

అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను. రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే సగం తప్పే చెప్పానని తేలింది. నేను ఇరవై ఏళ్ళుగా ఒడిశాలోని రాయగడలో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తూ, మధ్యమధ్యలో పాటలు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. దెబ్బలు తిన్నాను కాబట్టి నాలుగు ముక్కలు తీరిగ్గా రాస్తున్నాను. పర్లాకిమిడి, బరంపురం, జయపురం, కోరాపుట్ వైపు ఉన్న మన తెలుగు పిల్లలకూ పనికొస్తాయి.

ఏ దారినైనా నేను రెండు ప్రశ్నలతోనే తూస్తాను. ఈ నెల ఇంట్లోకి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయి? పదేళ్ళ తర్వాత ఈ పాట పట్టా ఎవరి పేరున ఉంటుంది? పొలానికి పట్టా ఉన్నట్టే పాటకీ ఉంటుంది. మనవాళ్ళు మొదటి ప్రశ్న అడుగుతారు, రెండోది మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను.

హైదరాబాదు

నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హైదరాబాదులో దిగొచ్చు. దిగడం సులువే, గది అద్దె కట్టడమే కష్టం. అక్కడ కొత్త గాయకుడికి ముందు దొరికే పని ట్రాక్ పాడటం. సంగీత దర్శకుడు ట్యూన్ చూసుకోవడానికి మన గొంతుతో పాడించుకుంటాడు, తర్వాత పేరున్నవాళ్ళతో మళ్ళీ పాడిస్తాడు. ఒక్కోసారి మన గొంతే ఉంచేస్తారు, అదే ఆశ. ఈ ఆశ మీద అయిదేళ్ళు గడిపినవాళ్ళు నాకు తెలుసు.

నీకు సినిమా పాట పాడటమే ఇష్టమైతే వెళ్ళు, నేను అడ్డు చెప్పను. కానీ నీ పదకొండు పాటలూ జనానికి వినిపించాలన్నదే కోరికైతే హైదరాబాదులో ఆ పని జరగదు. సినిమాలో సందర్భం వాళ్ళది, ట్యూన్ వాళ్ళది, చివరికి "ఇంకొంచెం మాస్‌గా రాయండి" అనేది కూడా వాళ్ళే. నీ పాటలు ఫోన్లోనే ఉండిపోతాయి. గాయకుడు రామ్ మిరియాల సంగతి చూడు. చౌరస్తా బ్యాండ్‌తో ముందు సొంత పాటలు పాడి జనానికి తెలిసాడు, సినిమా తర్వాత వచ్చింది. ప్రతీక్ కుహాడ్‌దీ అంతే. జైపూర్ కుర్రాడు, న్యూయార్క్‌లో చదువుకుని వచ్చి ఢిల్లీలో కూర్చుని ఏళ్ళ తరబడి తన పాటలు తానే విడుదల చేసుకున్నాడు. 2018లో తెచ్చిన పాట ఒకటి 2019 చివర్లో ఒబామా ప్రకటించిన ఇష్టమైన పాటల జాబితాలో కనిపించింది. పెద్ద అమెరికన్ కంపెనీ ఎలెక్ట్రా 2020లో ఒప్పందం చేసుకుంది. అంటే వినేవాళ్ళు ముందు వచ్చారు, కంపెనీ వెనక వచ్చింది. ఇంగ్లీషు, హిందీ పాటలకు ఉన్నంత పెద్ద మార్కెట్ మన పాటకి లేదు, ఆ తేడా కూడా చెప్పుకోవాలి. వరస మాత్రం అదే.

బియ్యం ప్రశ్నకి హైదరాబాదు సున్నా, కనీసం రెండేళ్ళు. పట్టా ప్రశ్నకి కొంచెం మేలే, ఎలాగో కింద చెబుతాను.

పాట అమ్మేయడం

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, నాకు మంటపెట్టిన చోటు ఇదే.

2014లో పార్వతీపురం దగ్గర ఒక పెళ్ళి ప్రోగ్రాం అయ్యాక ఒకాయన వచ్చి, "అన్నా, మీరు మధ్యలో పాడిన ఆ రెండు పాటలూ బాగున్నాయి, మా చానల్‌కి ఇచ్చేయండి" అన్నాడు. రెంటికీ కలిపి ఆరువేలు. స్టాంప్ పేపర్ మీద "సర్వహక్కులూ ఇచ్చివేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ నెల పిల్ల స్కూలు ఫీజు కట్టాను, ఆ సంగతి దాచను. ఏడాదికి ఆ పాటల్లో ఒకటి చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి ట్రాక్టరు మీదా మోగింది. కింద రచయితగా ఇంకెవరిదో పేరు. మా ఆవిడ ఆ పాట వినిపిస్తే టీవీ ఆపేసేది.

తర్వాత ఒక వకీలు మిత్రుడు కాపీరైట్ చట్టం విప్పి చూపించాడు. 1957 చట్టం, 2012లో సవరించారు. అందులో ఉన్నవి విని నాకు కోపం వచ్చింది, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పనందుకు.

హక్కులు ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఏ హక్కు, ఎన్నాళ్ళు, ఎక్కడ అన్నది రాయాలి. ఎన్నాళ్ళో రాయకపోతే అయిదేళ్ళనే లెక్క. ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కుని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అది రద్దయిపోయినట్టే. పాట ఎవరిదన్న పేరు హక్కు మాత్రం అమ్మినా పోదు. మన పేరు తీసేసి ఇంకొకరి పేరు వేస్తే అడగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మాట రాసినవాడూ, ట్యూన్ కట్టినవాడూ ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కుని వదులుకోలేరు. వదులుకున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలుచేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వడం కుదరదు. సినిమా పాటకి థియేటర్లో సినిమాతో పాటు వేసే దానికి తప్ప, మిగతా అన్నిటికీ ఇదే రూలు. హైదరాబాదు పట్టా ప్రశ్నకి కొంచెం మేలన్నది ఇందుకే.

నా స్టాంప్ పేపర్లో గడువు రాయలేదు. కాబట్టి అయిదేళ్ళకి, అంటే 2019లో, మాటా ట్యూనూ నాకు తిరిగొచ్చేశాయి. అయితే వాళ్ళు రికార్డు చేసిన ఆ ఆడియో మాత్రం వాళ్ళదే. డబ్బు పెట్టి రికార్డు చేయించినవాడిదే రికార్డింగ్ హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళు. పాటకి రెండు పట్టాలుంటాయన్నమాట: మాటకీ ట్యూన్‌కీ ఒకటి, రికార్డింగ్‌కి ఒకటి. ఈ తేడా తెలియకే మనవాళ్ళు ఎక్కువగా మోసపోతారు. నేను ఆ పాట మళ్ళీ నా గొంతుతో రికార్డు చేసుకున్నాను. పాత దానికి ఉన్నంతమంది దీనికి లేరు, అది వేరే సంగతి.

మరి అమ్మొద్దా? ఇంట్లో అవసరం మెడ మీద కూర్చుంటే ఒక పాట అమ్ము, తప్పు లేదు. పదకొండూ అమ్మకు. కాగితం మీద గడువు అయిదేళ్ళు అని రాయించు, స్టేజీ మీద పాడుకునే హక్కు నీకే ఉంచుకో, వీడియో మొదట్లో నీ పేరు కనిపించాలని రాయించు. "ఇకముందు రాసే పాటలన్నీ మాకే" అనే వాక్యం ఎక్కడైనా కనిపిస్తే కలం కింద పెట్టేసి టీ తాగి వచ్చెయ్.

సొంతంగా విడుదల చేసుకోవడం

నాకు నచ్చిన దారి ఇదే. కానీ ఇది బియ్యం ఇవ్వదని ముందే చెప్పేస్తున్నాను. మొదటి ఏడాది డబ్బు అసలు చూడవు అనుకుని మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

రికార్డింగ్ సంగతి ముందు. ఒక కండెన్సర్ మైకు, మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, లాప్‌టాప్. గొంతు, గిటారు ఇంట్లోనే తీసుకోవచ్చు, రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపి, గోడకి బొంతలు కట్టి. మా పెరట్లో కప్పలు వర్షాకాలం రికార్డింగ్ చేయనివ్వవు, అందుకే నాకు పాటల సీజను చలికాలం. మిక్సింగ్, అంటే గొంతునీ వాద్యాల్నీ తూకంగా కలపడం, మాత్రం నువ్వు చేసుకోకు. విశాఖలో చేసేవాళ్ళున్నారు, ఫైళ్ళు పంపితే సరిపోతుంది. చివరి రోజు వెళ్ళి పక్కన కూర్చుని వినడం మంచిది. రాయగడ నుంచి పొద్దున్న రైలెక్కితే పనిచూసుకుని మర్నాటికి వచ్చేయొచ్చు. చివరి ఫైలు నాణ్యత తగ్గని వేవ్ రూపంలో తీసుకో, ఎంపీ3 ఒకటే ఇస్తానంటే ఒప్పుకోకు.

స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్‌లలో మనంతట మనం పాట ఎక్కించలేం. మన పాటని ఆ యాప్‌లన్నిటికీ చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీ ఒకటి మధ్యలో ఉండాలి. నేను మూడు రకాలు చూశాను. డిస్ట్రోకిడ్ లాంటిది ఏడాదికింతని చందా, ఎన్ని పాటలైనా వేసుకోవచ్చు, వచ్చిన రాయల్టీలో కోత ఉండదు. చందా కట్టడం మానేస్తే పాటలు తీసేస్తారు, లేదంటే ఒక్కో పాట ఉంచడానికి వేరే డబ్బు కట్టాలి. సీడీ బేబీ లాంటిది పాటకి ఒకసారి కడితే సరి, కానీ వచ్చినదాంట్లో 9 శాతం తీసుకుంటుంది. రూట్‌నోట్ లాంటిదాంట్లో ఉచితంగా వేసుకోవచ్చు, బదులుగా 15 శాతం తీసుకుంటారు.

ఏది ఎంచుకోవాలి? మా మేనల్లుడిలాగా పదకొండు పాటలు తయారుగా ఉండి, ఏడాదికి మరో ఆరు రాస్తాననేవాడికి ఏడాది చందా చవక. ఒక్క పాట వేసి చూద్దామనేవాడికి, చేతిలో కార్డు లేనివాడికి ఉచితమే మేలు. పదిహేను శాతం పోతుందని బాధపడేంత డబ్బు మొదట్లో రాదు. ఏది తీసుకున్నా ఒక జాగ్రత్త: ప్రతి రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల కోడ్ ఇస్తారు. దాన్ని ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినప్పుడు అదే కోడ్ ఇస్తే పాత వినికిడి లెక్కలు నిలిచే అవకాశం ఉంటుంది.

ఒక చేదు నిజం. స్పాటిఫైలో 2024 నుంచి గత పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు విన్న పాటకే డబ్బు లెక్కేస్తారు. కొత్తవాడి పాటకి వెయ్యి చిన్న మాట కాదు. మన వైపు మాత్రం స్పాటిఫై కన్నా యూట్యూబే ఎక్కువ వింటారు. పొలంలో పనిచేస్తూ, ఆటోలో, కిరాణా కొట్లో మోగేది అదే. అక్కడ ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు కావాలి, దానితో పాటు ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణ గాని, తొంభై రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గాని ఉండాలి. అర్హత వచ్చాక మామూలు వీడియో ప్రకటనల్లో 55 శాతం మనకి, షార్ట్స్‌కి 45 శాతం. ఖాతాలో వంద డాలర్లు నిండితే గాని డబ్బు బ్యాంకుకి రాదు. అమెరికా పన్ను ఫారం ఒకటి నింపాలి. పాన్ నంబరు చేతిలో పెట్టుకుని ఓపిగ్గా నింపితే అయిపోతుంది, నింపకపోతే కోత ఎక్కువ.

షార్ట్స్ మీద నా అభిప్రాయం వేరు. పల్లవి ఇరవై సెకన్లలో కొట్టేస్తే అందరూ వాడతారు, చరణం ఎవరూ వినరు. సొంత పాట రాసేవాడికి చరణమే ప్రాణం. షార్ట్‌ని పిలుపుగా వాడు, పాట మొత్తం చోటు వేరే ఉండాలి.

ఇంకో తప్పు మన పిల్లలు చేస్తున్నారు. యూట్యూబ్‌లో దొరికిన ఉచిత బీటు, అంటే ఎవరో ముందే చేసిపెట్టిన వాద్య సంగీతం, మీద పాడి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ (మన పాట ఎవరి వీడియోలో ఉన్నా యూట్యూబే గుర్తుపట్టే పద్ధతి) పెట్టెలో టిక్ పెడతారు. అదే బీటు వాడిన ఇంకో వందమంది వీడియోల మీద క్లెయిమ్ పడుతుంది, గొడవ మొదలు. బీటు నీది కాకపోతే ఆ పెట్టె ముట్టుకోకు. కవర్లతో, అంటే ఇతరుల పాటలు పాడి, చానల్ పెంచుదామనుకునేవాళ్ళకీ ఇదే: వ్యూస్ నీకు, ప్రకటనల డబ్బు ఎక్కువగా పాట యజమానికి.

విడుదలయ్యాక ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. 1969లో పెట్టిన సంస్థ, మాట రాసేవాళ్ళకీ ట్యూన్ కట్టేవాళ్ళకీ రాయల్టీ వసూలుచేసి పంచుతుంది. 2017లో మళ్ళీ కాపీరైట్ సొసైటీగా రిజిస్టర్ అయింది. రేడియోలు, హోటళ్ళు, స్టేజీలు, యాప్‌లు వీటన్నిటి నుంచి వచ్చే డబ్బు ఆ దారిన వస్తుంది. చేరితే సరిపోదు, ప్రతి పాట పేరూ వాళ్ళ దగ్గర నమోదు చేయాలి. గాయకుడిగా వేరే వాటా ఉంటుంది, దానికి 2013లో వచ్చిన గాయకుల సంస్థ ఇస్రా ఉంది, ఇప్పుడు వాద్యకారుల్ని కూడా కలుపుకుని ఇసామ్రా అయింది. నువ్వే రాసి నువ్వే పాడినప్పుడు రెండు చోట్లా నీకు పని ఉంటుంది. మనవాళ్ళలో ఎక్కువమందికి ఒక చోటే తెలుసు.

పాట ఇద్దరు కలిసి చేస్తే, మంచం మీద నుంచి లేవకముందే వాటాలు వాట్సాప్‌లో రాసుకోండి. "మాట నాది, ట్యూన్ సగం నీది" అని ఒక్క వాక్యం చాలు. పాట ఆడనప్పుడు ఎవరూ అడగరు. ఆడినప్పుడు అన్నదమ్ములు కూడా అడుగుతారు.

ఆర్కెస్ట్రా, మెలోడీ, ఆకాశవాణి

బియ్యం ప్రశ్నకి నిక్కచ్చి జవాబు ఇదే. దసరా నుంచి పెళ్ళిళ్ళ సీజను దాకా మన వైపు మెలోడీ అని పిలిచే స్టేజీ పాటల ప్రోగ్రాములకి కొదవ లేదు. ఒడియా పాటలూ తెలుగు పాటలూ రెండూ పాడగలిగినవాణ్ణి ముందు పిలుస్తారు. అది మనకున్న లాభం, హైదరాబాదులో ఎవరికీ లేనిది. రాయగడ చైతి, కోరాపుట్ పరబ్ లాంటి జిల్లా ఉత్సవాల్లో కూడా కళాకారులకి చోటు ఉంటుంది, ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

నష్టం ఏమిటంటే అన్నీ ఇతరుల పాటలే. రాత్రి రెండింటి దాకా సినిమా పాటలు అరిచి, మర్నాడు నీ పాట రాయడానికి గొంతూ ఉండదు, మనసూ ఉండదు. నేను ఇరవై ఏళ్ళలో ముప్పై పాటలే రాశానంటే కారణం అదే. అందుకని ఒక నియమం పెట్టుకో: ప్రతి ప్రోగ్రాంలో ఒక్క సొంత పాట పాడాలి. జనం పకోడీలకి లేచిపోతే ఆ పాట ఇంకా కాలేదని అర్థం. రికార్డింగ్ కంటే ముందే తెలిసే పరీక్ష ఇది.

జయపురం, బరంపురం, విశాఖ ఆకాశవాణి కేంద్రాల్లో లలిత సంగీతం ఆడిషన్ ఇచ్చి గ్రేడు తెచ్చుకో. బీ, బీ హై, ఏ, టాప్ అని నాలుగు మెట్లు. డబ్బు తక్కువే, కానీ గ్రేడు కాగితం చూపిస్తే కలెక్టరాఫీసు ఉత్సవాల్లో నీ దరఖాస్తుకి విలువ ఉంటుంది.

ఏ భాషలో, ఏ యాసలో

దీన్ని ఎవరూ ఎంపిక అనుకోరు. నేను అనుకుంటాను. ఒడియా ఆల్బమ్ పాటలకీ, కోరాపుట్ వైపు మాట్లాడే దేశియా భాష పాటలకీ వినేవాళ్ళు గట్టిగానే ఉన్నారు. మెలోడీ స్టేజీల మీద పనీ ఎక్కువ దొరుకుతుంది. తెలుగులో పోటీ చాలా పెద్దది, కానీ నువ్వు ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష అది. రెండు భాషల్లోనూ కలలు వచ్చేవాడైతే రెండింట్లోనూ రాయి. భాష రాకపోయినా అవసరం కోసం రాస్తే పాటలో తెలిసిపోతుంది.

తెలుగులో రాస్తే మాత్రం గోదావరి యాసో, తెలంగాణ యాసో అరువు తెచ్చుకోకు. మన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజునే, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. రాయగడ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న పార్వతీపురం వైపువారు వంగపండు ప్రసాదరావు. ఉత్తరాంధ్ర యాసలో తానే రాసి, తానే పాడి, 2020లో పోయేదాకా తన మాట తీరు మార్చుకోలేదు. సింగర్ సాంగ్‌రైటర్ అనే మాట మన దగ్గరికి రాకముందే ఆయన ఆ పని చేశారు.

జానపదం తీసుకుంటే ఇంకో జాగ్రత్త. మీ అమ్మమ్మ పాడిన పాట నీ పట్టా కాదు, ఎవరి పట్టా కూడా కాదు. నువ్వు కలిపిన చరణం వరకే నీది. ఎవరైనా పెద్దావిడ దగ్గర కూర్చుని నేర్చుకుంటే ఆమె పేరు వీడియోలో వెయ్యి, వచ్చిన డబ్బులో వాటా ఆమె చేతిలో పెట్టు.

మా వాడికి చివరికి చెప్పింది

ఇంట్లో వాడి సంపాదన మీద ఆధారపడేవాళ్ళు లేరు, మా బావ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. కాబట్టి: హైదరాబాదు ఇప్పుడు వద్దు. చానల్‌వాళ్ళకి ఒక్క పాట, అదీ అయిదేళ్ళకి. వాళ్ళు గడువు రాయమంటే ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు అదీ వద్దు. మిగతా పది ఏడాది చందా డిస్ట్రిబ్యూటర్ ద్వారా రెండు నెలలకొకటి. ఈ సీజన్లో మా ఆర్కెస్ట్రాలో నెలకి నాలుగు ప్రోగ్రాములకి మించి పాడనివ్వను, గొంతు మిగలాలి. అదే ఇంట్లో తండ్రి లేని కుర్రాడైతే, చెల్లి పెళ్ళి ముందున్నవాడైతే, ముందు మెలోడీ ప్రోగ్రాములు, పాటలు వెనక, అమ్మకాలు ఒకటీ రెండూ అని చెప్పేవాణ్ణి. అందరికీ ఒకే మందు పనిచేయదు.

నిన్న ఫోన్ చేశాడు. చానల్‌వాళ్ళు గడువు సంగతి వినగానే "చూసి చెబుతాం" అన్నారట. వాడు మొదటి పాట గొంతు వంశధార ఒడ్డున మా చెల్లెలి ఇంట్లో రికార్డు చేశాడు. రెండో చరణంలో పర్లాకిమిడి వైపు వెళ్ళే రైలు కూత పడింది, తీసేయమంటావా మావయ్యా అని అడిగాడు. ఫైలు పంపమన్నాను, విని చెబుతానని.